టీచరుగారి ఎలుగుబంటి

బేకరీలో రాత్రి డ్యూటీ చేసేవాడికి పగలే రాత్రి. ఆఖరి ట్రే బ్రెడ్డు పొయ్యిలోంచి దిగాక, చెవుల్లో కూడా పిండితో ఇంటికొచ్చి, స్నానం చేసి, ముదురు గోధుమరంగు రగ్గొకటి నిలువునా కప్పుకుని పడుకున్నాడంటే, కుంభకర్ణుడైనా వచ్చి అతని దగ్గర ట్యూషన్ పెట్టించుకోవలసిందే.

అటువంటివాడు నిద్ర కోసమే ఇల్లు మారాడు. పాత గది కింద ఇనపరేకులు కొట్టే షాపుండేది. కొత్తది ఒక ప్లేస్కూలు పెరట్లో, వెనకగోడకు ఆనుకుని ఉన్న ఒంటిగది. స్కూలు నడిపే పెద్దావిడే దానికి ఓనరు.

"పిల్లల గోల ఉండదా అండీ?" అని ముందే అడిగాడు.

"మా పిల్లలు పెరట్లో కాలు పెట్టరు బాబూ. లోపల కూర్చోబెట్టి ఫోన్లో బొమ్మలు వేస్తాం. ఈగ వాలినా వినపడుతుంది," అందావిడ.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ మాట చెప్పిన మర్నాడే ఆవిడ చెల్లెలి కూతురు అక్కడ టీచరుగా చేరింది.

సోమవారం పొద్దున, నిద్ర అప్పుడప్పుడే కళ్లమీదికి దిగుతూండగా, గోడకవతల ఒక పటాలం గొంతులు ఒక్కసారిగా లేచాయి. అతను దిండు చెవులకు నొక్కుకున్నాడు. పరుపు కింద దూరాడు. ఆఖరికి రగ్గు తలమీదుగా కప్పుకునే లేచి, తలుపు తోసుకుని బయటికొచ్చాడు. వారం రోజుల గడ్డం, నాలుగు దిక్కులా లేచిన జుట్టు, పొయ్యి వేడికి ఎండిపోయిన గొంతు. "ఎవరక్కడ, ఆపండి" అనబోయాడు. వచ్చింది మాత్రం "గ్ర్ర్ర్" అనే శబ్దమొక్కటే.

పెరడంతా చప్పబడిపోయింది.

"టీచర్," అన్నాడు ఎప్పుడూ కారే ముక్కువల్ల 'ముక్కు' అనే పేరు పడ్డ ఒక బుడ్డోడు, ఎంతో నెమ్మదిగా. "ఎలుగుబంటి."

టీచరు పెరటి మధ్యలో మోకాళ్లమీద కూర్చుని ఉంది. మోచేతులదాకా బురద. ఆమె ముందు అతన్ని చూసింది, తర్వాత పిల్లల్ని చూసింది. అంతవరకూ చెమట పడుతోందనీ, చీమ పాకుతోందనీ, లోపలికెళ్లి ఫోన్ చూద్దామనీ ప్రాణాలు తోడేసినవాళ్లు, ఇప్పుడు కన్నార్పకుండా ఎక్కడివాళ్లక్కడ నిలబడి ఉన్నారు. ఒక్కరికీ ఫోన్ గుర్తులేదు. ఆమె కళ్లలో ఏదో మెరిసింది. ఆ మెరుపు చూడగానే అతను లోపలికెళ్లి గడియ పెట్టేసుకుని ఉండాల్సింది.

"అవును, ఎలుగుబంటే," అంది ఆమె. "పాపం, నిద్రలో ఉంది. అందుకని మనం చప్పుడు చెయ్యకుండా ఇక్కడే ఆడుకోవాలి."

"లోపలికి పారిపోవచ్చు కదా టీచర్?" అంది రెండు జడల పిల్ల ఒకతి. ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేస్తుంది గనక స్కూల్లో అందరూ ఆ పిల్లని లాయరనే పిలుస్తారు.

"ఎలుగుబంట్లు ఇళ్లలో కూర్చున్నవాళ్ల దగ్గరికే వస్తాయి. బయట ఆడుకునేవాళ్లని ఏమీ అనవు."

లాయరు కాసేపు ఆలోచించి, ఆ వాదన ఒప్పుకుంది.

"ఏవండీ," అన్నాడతను, గొంతు సవరించుకుని.

"చూశారా, అండీ అంటోంది. మర్యాద తెలిసిన ఎలుగుబంటి," అంది టీచరు.

* * *

ఆ మధ్యాహ్నం ఆమె తలుపు తట్టింది. చేతులు కడుక్కుంది గానీ గడ్డానికి బురద అలాగే ఉంది.

"సారీ చెప్పడానికొచ్చాను," అంది.

"చెప్పండి."

"చెప్పాను కదా, ఇప్పుడే." గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చుంది. "ఇంకో మాట కూడా ఉంది. రేపు మళ్లీ వస్తారా?"

"ఎక్కడికి?"

"బయటికి. ఆ రగ్గుతోనే."

అతనికి నిద్రమత్తు పూర్తిగా దిగిపోయింది. ఆమె మాత్రం పిండి రుబ్బినట్టు ఆగకుండా చెప్పుకుపోయింది. పిల్లల్ని బయట ఆడించాలని ఆమె పట్టుదల. అదంతా వానలో, ఎండలో జరిగే పనికాదని పెద్దమ్మ వాదన. నెలాఖరుదాకా గడువిచ్చింది. అప్పటికీ పిల్లలు "బోరు టీచర్" అంటూ లోపలికి పరిగెత్తుతూ ఉంటే, గోడంత టీవీ ఒకటి కొని హాల్లో పెట్టేస్తుంది. అప్పుడిక టీచరు పని రిమోట్ నొక్కడమే.

"తాడాట ఆడించాను. ఆకులేరించాను. చీమల పెళ్లి కూడా చేయించాను. దేనికైనా ఐదు నిమిషాలే. ఇవాళ మిమ్మల్ని చూశాక, అన్నం తిందాం రమ్మన్నా ఒక్కరూ కదల్లేదు. మీ తలుపుకేసి చూస్తూ, అడుగుల చప్పుడు కాకుండా ఎండుటాకుల మీద నడవడం ప్రాక్టీసు చేశారు."

"నాకేమిటి లాభం?"

"పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా పిల్లలు గుసగుసలే తప్ప గొంతెత్తరు. మీరు హాయిగా నిద్రపోవచ్చు. లేచాక ఒకసారి బయటికొచ్చి గుర్రుమంటే చాలు. పిల్లలు మీకు రొట్టెలు కూడా చేసిపెడతారు."

"మట్టితోనా?"

"మీ బేకరీ బ్రెడ్డు తిన్నాను లెండి. పెద్ద తేడా ఉండదు."

అతనికి కోపం రావాలి. రాలేదు. తన బ్రెడ్డును అంత మాటన్న మనిషి గడ్డం మీద బురద ఎండి, మాట్లాడినప్పుడల్లా సన్నగా బీటలు వేస్తూంటే, అతను దానికేసి చూస్తూ ఉండిపోయాడు.

"సరే," అన్నాడు. ఎందుకన్నాడో తర్వాత చాలాసేపు ఆలోచించాడు.

* * *

అలా అతను మధ్యాహ్నంపూట ఎలుగుబంటి అయ్యాడు.

మొదట్లో గుర్రుమని లోపలికి పోయేవాడు. నాలుగోరోజున, పిల్లలు చేసిన మట్టిరొట్టెలు చూసి ఉండబట్టలేకపోయాడు. పని మనిషిని ఊరుకోనివ్వదు కదా. నీళ్లెక్కువయ్యాయని కింద కూర్చుని, మట్టిని అరచేత్తో నెట్టి, మడిచి, మళ్లీ నెట్టి చూపించాడు. పిల్లలు చుట్టూ మూగారు.

"ఎలుగుబంటికి బ్రెడ్డు చెయ్యడం ఎలా వచ్చు?" అంది లాయరు.

"కోర్సు చేసింది," అంది టీచరు.

"సర్టిఫికెట్ ఉందా?"

"ఫ్రేము కట్టించి పెట్టుకుంది. గుహలో."

అతను నవ్వు ఆపుకోలేక రగ్గులో మొహం దాచుకున్నాడు. ఎలుగుబంటి ఏడుస్తోందనుకుని ముక్కు వచ్చి తన రొట్టె ఇచ్చేశాడు.

ఆ తర్వాత సంగతులు చెయ్యిదాటిపోయాయి. పిల్లలు సెలవు రోజున కూడా స్కూలు గేటు దగ్గరికొచ్చి కూర్చునేవారు. ఇంట్లో ఉంటే ఎలుగుబంటి వస్తుందని ఒకడు అన్నం కూడా బాల్కనీలోనే తిన్నాడు. లాయరు వాళ్ల తాతగారు, గోధుమరంగు స్వెట్టరు వేసుకుని మనవరాలిని తీసుకెళ్లడానికొచ్చిన పాపానికి, పెరట్లో చెట్టు చుట్టూ పరిగెత్తవలసి వచ్చింది. "ఇన్నేళ్లలో నా మోకాళ్లు ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేవమ్మా" అని టీచరుకి చెప్పి, మర్నాడు కూడా అదే స్వెట్టరుతో వచ్చాడాయన.

ఎవరో తల్లి భయపడి ఫిర్యాదు చేసినట్టుంది. జంతువుల ఆఫీసు నుంచి ఒకాయన వల తీసుకుని వచ్చాడు.

"ఇక్కడ ఎలుగుబంటి ఉందని తెలిసింది. ఏదీ?"

అతను మెట్టుమీద కూర్చుని టీ తాగుతున్నాడు. "నేనేనండీ," అన్నాడు.

ఆఫీసరు అతన్ని ఎగాదిగా చూశాడు. చుట్టూ పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పక్కన టీచరు చేతులు జోడించినట్టు పట్టుకుని, కళ్లతోనే బతిమాలుతోంది. ఆయనకూ ఇంట్లో మనవలున్నారేమో.

"పళ్లు చూపించు," అన్నాడు. అతను చూపించాడు.

"టీకాలు?"

"చిన్నప్పుడే వేయించారండీ."

"కరుస్తుందా?"

"బిస్కెట్లు మాత్రమే," అంది టీచరు.

ఆయన వల మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఆరోగ్యంగానే ఉంది. గోళ్లు తీయించండి," అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన గేటు దాటేదాకా బిగబట్టుకుని, ఆ తర్వాత ఇద్దరూ గోడకు చేరగిలబడి, కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వారు.

ఆరోజే వాన పడింది. పిల్లలు గుంటల్లో గెంతుతూంటే, ఇద్దరూ అతని గది చూరు కింద నిలబడ్డారు. చూరు చిన్నది. నిలబడాలంటే భుజాలు తగలాల్సిందే.

"మీ బుగ్గమీద బురద," అన్నాడతను.

"ఎక్కడ?" అని ఆమె ఇటువైపు బుగ్గ తుడుచుకుంది. బురద అటువైపుంది. "పోయిందా?"

"పోయింది," అన్నాడు. ఆ బురద అక్కడుంటేనే బాగుందని అతనికి అనిపించింది. ఆ రాత్రి బేకరీలో ఒక ట్రే మొత్తం మాడ్చాడు.

* * *

రెండు రోజుల తర్వాత లాయరు అతని కిటికీ ఊచలు పట్టుకుని వేలాడింది.

"ఎలుగూ, వేటగాడొచ్చాడు."

"ఎవరు?"

"టీవీల షాపాయన. టేపు తెచ్చి హాల్లో గోడ కొలిచాడు. టీచర్‌ని పెళ్లి చేసుకుంటాడంట. పెద్ద టీచర్ చెప్పింది. టీవీ వస్తే నువ్వక్కర్లేదంట."

అతని గుండెల్లో రాయి పడింది. "టీచర్ ఏమంది?"

"నవ్వింది."

"ఎలా నవ్వింది?"

"ఇలా," అని లాయరు నోరంతా తెరిచి చూపించింది.

అతను కిటికీ సగం మూశాడు. "మిగతావాళ్లకి చెప్పు. ఎలుగుబంట్లు చలికాలమంతా లేవకుండా పడుకుంటాయి. నేను పడుకుంటున్నాను."

"ఇది వానాకాలం కదా."

"నాకు చలికాలమే," అన్నాడు.

ఆ రాత్రి నుంచే బేకరీకి సెలవు పెట్టి, మర్నాడు అతను బయటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. టీచరు వచ్చి తలుపు తట్టింది. నిద్ర నటించాడు. "ఒంట్లో బాలేదా?" అని అడిగింది. కాసేపు నిలబడి వెళ్లిపోయింది. నిద్రకోసం ఇల్లు మారినవాడికి ఇప్పుడు కావలసినంత నిశ్శబ్దం దొరికింది. నిద్ర మాత్రం దగ్గరికి కూడా రాలేదు.

పిల్లలు లోపలికి వెళ్లలేదు. ఎలుగుబంటి ఆకలితో పడుకుందని వాళ్ల నిర్ధారణ. ఎండకు ఆరబెట్టిన మట్టిరొట్టెలు అప్పటికే గోడపక్కన గుట్టగా ఉన్నాయి. లేచేసరికి తిండి చేతికందాలని, వాటిని తెచ్చి తలుపు ముందు పేర్చడం మొదలుపెట్టారు. జారిపోతున్నాయని మధ్యలో తడిమట్టి మెత్తారు. పైవరస అందకపోతే కుర్చీలేశారు. లాయరు వాళ్ల తాతగారు స్వెట్టరు చేతులు పైకి మడిచి, గోడ వంకర పోకుండా చూశాడు. మూడోరోజు మధ్యాహ్నం, అతను మొహం కడుక్కుని తలుపు తోస్తే, అది కదల్లేదు. భుజం పెట్టి తోశాడు. పైనుంచి ఒక రొట్టె ఊడి, తలుపు సందులోంచి తొంగిచూసింది.

"ఏవండీ," అని కిటికీలోంచి పిలిచాడు. "ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాం," అన్నారు పిల్లలు, బోలెడంతమంది.

టీచరు కిటికీ దగ్గరికి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"సెలవయిపోయింది, రాత్రి డ్యూటీకి వెళ్లాలండీ. ఈ గోడ కాస్త తీయిస్తారా?"

"నేను కట్టించలేదు. వాళ్లని అడగండి."

"చూస్తూ ఊరుకున్నారా?"

"మూడురోజులుగా ఒక్కరూ ఏడవలేదు, ఒక్కరూ బోరు అనలేదు. ఎందుకాపుతాను?" అని, గొంతు తగ్గించింది. "అయినా ఒకళ్లు తలుపు వేసుకుని కూర్చుంటే తప్పులేదు గానీ, ఇంకొకళ్లు బయటినుంచి వేస్తే తప్పా?"

అతను ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. "మీకు పెళ్లటగా. చెప్పాల్సింది."

"ఎవరు చెప్పారు?"

"లాయరు."

"ఎవరితోనట?"

"వేటగాడితో."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం టైమ్ పట్టింది. "టీవీల ఆయనా? పెద్దమ్మ తెచ్చిన సంబంధం అది. ఈ ఎలుగుబంటి ఆట ఎన్నాళ్లుంటుందిలే అని టీవీ కూడా ఆయన దగ్గరే బేరమాడింది. గోడ కొలవడానికీ, నన్ను చూడడానికీ ఒకే ట్రిప్పులో వచ్చాడు. ఇష్టాయిష్టాలేమిటని అడిగితే, మూడేళ్ల వారంటీ, ఫోన్ చేస్తే ఇంటికొచ్చి సర్వీసు చేస్తానన్నాడు. నవ్వక ఏం చెయ్యను?"

అతని గుండెల్లో రాయి ఎక్కడికి పోయిందో తెలియలేదు.

అప్పుడే గేటు తెరుచుకుంది. పెద్దమ్మ ముందు, వెనక టీవీల షాపాయన, ఆయన వెనక ఇద్దరు మనుషులు మోస్తున్న గోడంత టీవీ. పెరట్లో ఇంతమంది పిల్లలు, తలుపుకు కట్టిన మట్టిగోడ, కిటికీలోంచి అద్దెకుర్రాడి తల చూసి పెద్దమ్మ ఆగిపోయింది.

"ఏమిటే ఇది?"

"గుహ, పెద్దమ్మా."

"మేడమ్, మీరు కంగారు పడకండి," అన్నాడు షాపాయన. "ఒక్కసారి టీవీ పెడితే పిల్లలు బుద్ధిగా లోపలికొచ్చేస్తారు. డెమో చూపిస్తాను." టీవీని వరండాలో నిలబెట్టి, తీగ తగిలించి, రిమోట్ నొక్కాడు. తెరమీద అడవి వచ్చింది. చెట్లమధ్య నుంచి నల్లటి, నిఖార్సయిన ఎలుగుబంటి ఒకటి నడుచుకుంటూ వచ్చి, నిలువునా లేచి గర్జించింది. చూరు రేకులు అదిరాయి.

పిల్లలంతా తలతిప్పి చూశారు. షాపాయన చిరునవ్వు నవ్వాడు.

లాయరు వరండాదాకా వెళ్లి, తెరను దగ్గరగా పరీక్షించింది.

"ఇది నిజం ఎలుగుబంటి కాదు," అని తీర్పు చెప్పింది. "దీనికి బ్రెడ్డు చెయ్యడం రాదు."

అంతే. పిల్లలు మళ్లీ గోడమీద మట్టి మెత్తడంలో పడిపోయారు. షాపాయన చానల్ మార్చాడు, సౌండు పెంచాడు. ముక్కు వచ్చి, "అంకుల్, కొంచెం తగ్గిస్తారా, ఎలుగు పడుకోవాలి" అన్నాడు. ఆ మాటకు ఆయన నిజంగానే తగ్గించాడు. తర్వాత తీగ పీకేసి, టీవీని మనుషుల నెత్తికెత్తించాడు. వెళుతూ పెద్దమ్మతో, "రెండు సంబంధాలూ క్యాన్సిలేనా మేడమ్?" అని అడిగాడు. పెద్దమ్మ చెల్లెలి కూతురి మొహం చూసి, "అలాగే ఉంది బాబూ" అంది.

గోడ పడగొట్టాలంటే పిల్లలు ఒప్పుకోవాలి. లాయరు కిటికీ దగ్గర నిలబడి షరతులు చెప్పింది. రోజూ బయటికి రావాలి. చెప్పకుండా చలికాలం పెట్టుకోకూడదు. టీచర్ తలుపు కొడితే తియ్యాలి.

"అన్నిటికీ సరే," అన్నాడతను. "నాదీ ఒకటుంది. టీచర్‌తో చెప్పాలి."

"మాకు వినపడేలా చెప్పు."

అతను టీచరుకేసి చూశాడు. మీసాలపైదాకా ఎర్రబడ్డాడు. "ఈ పిల్లలు లేకపోయినా, ఈ రగ్గు లేకపోయినా, నేను రోజూ బయటికొస్తానండీ. మీరుంటే చాలు."

ఆమె తలుపు దగ్గరికెళ్లి, గోడ పైవరసలో ఒక రొట్టె పట్టుకుని లాగింది. ఇంకొకటి లాగింది. పిల్లలూ చేతులేశారు. లోపలినుంచి అతను తోశాడు. తలుపు తెరుచుకునేసరికి ఇద్దరి మధ్యా మోకాలెత్తు మట్టి మాత్రమే మిగిలింది.

"బ్రెడ్డు గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను," అంది ఆమె. "మిగతాదానికి కూడా సరే."

పెద్దమ్మ నడుంమీద చేతులు పెట్టుకుంది. "బాగానే ఉంది వరస. ఇతను రాత్రంతా పనికి పోతాడు, పగలంతా పడుకుంటాడు. నువ్వు పగలంతా స్కూల్లో ఉంటావు. ఇద్దరూ కలిసి కాపురం ఎప్పుడు చేస్తారే?"

"పొద్దుటి డ్యూటీకి మార్పించుకుంటానండీ. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను," అన్నాడతను.

"మీవాళ్లు ఒప్పుకుంటారా?"

"అమ్మని రేపే తీసుకొస్తానండీ. నేను పగటిపూట లేచి ఉంటానంటే, దేనికైనా ఒప్పుకుంటుంది."

పెద్దమ్మ మొహం గంటు పెట్టుకునే ఉంది గానీ, పెదాలు మాట వినడంలేదు. వంగి ఒక మట్టిరొట్టె తీసి, బరువు చూసి, వేలితో తట్టింది. "గట్టిగానే ఉంది. మీ అమ్మగారిని రమ్మను బాబూ. మాట్లాడతాను," అంది.

టపటపా చినుకులు మొదలయ్యాయి. క్షణంలో జోరందుకున్నాయి. గేటు దగ్గర గొడుగులతో తల్లులు వచ్చి పిల్లల్ని పేరుపేరునా పిలిచారు. ఒక్కరూ కదల్లేదు. కూలిన రొట్టెలన్నీ మళ్లీ మెత్తబడుతున్నాయి. పని మొదటినుంచీ చెయ్యాలి. తాతగారు అప్పుడే చెప్పులు విప్పేశాడు. పెద్దమ్మ వరండా ఎక్కి, తల తుడుచుకుంటూ వెనక్కి చూసింది. చెల్లెలి కూతురూ, కాబోయే అల్లుడూ పెరటి మధ్యలో, మోచేతులదాకా బురదలో ఉన్నారు.

"మీరన్నా లోపలికి రండే, తడిసిపోతారు," అని కేకేసింది.

"కాసేపు ఆడుకుని వస్తాం పెద్దమ్మా," అంది టీచరు.